ముందు షాక్‌లో ఆయిల్ కారుతోందా? సీలు కొనేముందు పైపు చూడండి

బండి బాగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా ముందు షాక్‌ల మీదే వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: 100 సీసీ బండి, కొని ఐదేళ్లయింది. ఎడమవైపు షాక్ పైపు మీద నూనె వలయం కడుతోంది. తుడిస్తే రెండు రోజులకు మళ్లీ వస్తోంది. మెకానిక్ సీలు మార్చాలంటున్నాడు. మార్చక తప్పదా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: మార్చాల్సి రావచ్చు. కానీ ఆ మాట అనేముందు అరగంట పని ఉంది.

మొదట నూనె ఎక్కడినుంచి వస్తోందో తేల్చుకోండి. పైపును, కింది అల్యూమినియం బాటమ్‌ను పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువు వేసి పదిపదిహేనుసార్లు నొక్కి వదలండి. పైపు మీద వేలికి అంటీ అంటని పలచటి మెరుపు కనిపిస్తే అది లీకు కాదు. నూనెను లోపలే ఆపే రబ్బరు సీలు సాఫీగా జారాలంటే ఆ మాత్రం తడి ఉండాలి. వలయం మందంగా కట్టి బాటమ్ మీదికి జారుతుంటే లీకే. పైపు పొడిగా ఉండి, బాటమ్ అడుగున ఇరుసు దగ్గర మాత్రమే చుక్క వేలాడుతుంటే దానికి సీలుతో పనిలేదు. అడుగున ఉండే అలెన్ బోల్టు కింద రాగి వాషరు అరిగింది, అంతే.

పైపు మీదే తడి ఉందనుకుందాం. హైవే పక్క ఇసుక, ఆరిన బురద దుమ్మును ఆపే పై డస్ట్ సీలు దాటి లోపలికి పోయి, దాని కింద ఉండే ఆయిల్ సీలు అంచు కింద ఇరుక్కుంటాయి. రబ్బరు చిరగకపోయినా, ఒక్క రేణువు ఆ అంచును ఎత్తిపట్టుకుంటే చాలు, నూనె దారి చేసుకుంటుంది. దీనికి మందు పాత ఎక్స్‌రే ఫిల్మ్. రెండు వేళ్ల వెడల్పు, నాలుగు వేళ్ల పొడవు ముక్క కోసి, ఒక చివర పక్కగా చిన్న కొక్కెం కత్తిరించండి. కోసిన అంచులను సన్న ఎమరీ పేపరు మీద రుద్ది నున్నగా చేయండి. డస్ట్ సీలును సన్న స్క్రూడ్రైవర్‌తో చుట్టూ కొద్దికొద్దిగా లేపి పైపు మీద పైకి జరపండి. ఫిల్మ్ ముక్కను పైపుకీ సీలుకీ మధ్య కిందికి దింపి, పైపు చుట్టూ ఒక పూర్తి తిప్పు తిప్పి, కొక్కెంతో మురికిని పైకి లాగండి. నల్లటి గీతతోపాటు కాస్త నూనె కూడా వస్తుంది. తుడిచి, నాలుగుసార్లు నొక్కి, మళ్లీ తిప్పండి. ఫిల్మ్ శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఇదే పని. బ్లేడు, సూది, స్క్రూడ్రైవర్ కొస మాత్రం ఆ సందులోకి పోనివ్వకండి. మంచి సీలు కూడా వాటితో చిరుగుతుంది.

ఇలా చేశాక వారం పది రోజులు పైపు పొడిగా ఉంటే ఖర్చు తప్పినట్టే. మళ్లీ తడిస్తే సీలు అంచు కోసుకుపోయిందని అర్థం. అప్పుడు తర్వాతి జవాబు చదవండి.

ప్రశ్న: స్ప్లెండర్ లాంటి మామూలు బండికి రెండు సీళ్లూ ఇంట్లోనే మార్చుకోవాలని ఉంది. పానాలు వాడటం తెలుసు, ఇంజిన్ పని తెలియదు. ఏమేం కొనాలి, ఎక్కడ చిక్కు వస్తుంది?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పానా పట్టడం తెలిస్తే చాలు. తొలిసారి ఒక పూట పడుతుంది. తొందరపడితే పాడయ్యేవి రెండు: అడుగు బోల్టు తల, సీలు కూర్చునే గోడ.

కొనాల్సినవి: ఆయిల్ సీళ్లు రెండు, డస్ట్ సీళ్లు రెండు, రాగి వాషర్లు రెండు, పై మూతల రబ్బరు రింగులు రెండు, ఫోర్క్ ఆయిల్ (షాక్‌లో పోసే నూనె). కారేది ఒకటే అయినా రెండూ మార్చండి. రెండో సీలు వయసూ అంతే, పైగా ఒకవైపు కొత్త ఆయిల్, ఒకవైపు పాత ఆయిల్ ఉంటే బండి సమంగా దిగదు. కొట్టుకు పాత సీలు తీసుకెళ్లండి. దాని మీద మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 41×54×11 అని ఉంటే 41 మిల్లీమీటర్ల పైపుకు సరిపడేదని. మందం ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా పైన లాక్ రింగు కూర్చోదు. సీలును మడిచి చూడండి, రబ్బరు మెత్తగా వంగాలి. ఎండ తగిలే అల్మరాలో ఏళ్లు పడున్న సీలు కొత్తదైనా గట్టిపడి ఉంటుంది.

ఆయిల్ ఎంత పోయాలో, ఏ గ్రేడో మీ బండి పుస్తకంలో ఉంటుంది. 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఒక్కో షాక్‌కు 150 నుంచి 200 మిల్లీలీటర్ల చుట్టూ, 10డబ్ల్యూ గ్రేడు. ఇది అంచనా మాత్రమే. కొలత పుస్తకంలోదే తీసుకోండి.

ఇక పని. చక్రం తీయకముందే బిగువు బోల్టులన్నీ ఒక పట్టు వదులు చేసుకోవాలి. మొదట పైపు, హ్యాండిల్ దగ్గర దాన్ని పట్టి ఉంచే పై క్లాంపులోనుంచి ఎంత ఎత్తుకు వచ్చిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. పై క్లాంపు బోల్టు వదులు చేశాక, కింది క్లాంపు పట్టు ఉండగానే పై మూతను పావు తిప్పు వదలండి. షాక్ చేతిలోకి వచ్చాక మూత వదలాలంటే పైపును వైసులో నొక్కాలి, క్రోమ్‌కు గాటు పడుతుంది. తర్వాత అడుగున ఉన్న అలెన్ బోల్టు. దాని గుంతలో గట్టిపడిన బురదను మేకుతో గీకి తీసి, కీ పూర్తిగా లోపలికి దిగిందని చూసుకుని, కీ తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి అప్పుడు తిప్పండి. సగం దిగిన కీతో తిప్పితే బోల్టు తల గుండ్రమవుతుంది. ఆపైన డ్రిల్లింగే గతి.

ఈ బోల్టు లోపలి డ్యాంపర్ రాడ్డును (షాక్ ఊగును అదుపుచేసే, సన్న రంధ్రాలున్న కడ్డీని) పట్టుకుని ఉంటుంది. పైన స్ప్రింగ్ ఒత్తిడి ఉన్నంతసేపు రాడ్డు కదలదు కాబట్టి బోల్టు వస్తుంది. స్ప్రింగ్ తీసేశాక తిప్పితే రాడ్డు కూడా దాంతోపాటే తిరుగుతుంది. ఎంత తిప్పినా బోల్టు రాకపోవడానికి కారణం ఇదే. అలా ఇరుక్కుపోతే చీపురుకట్ట కొస చెక్కి పైపు పైనుంచి దింపి రాడ్డు తల మీద గట్టిగా నొక్కిపట్టండి, ఒకరు కింద తిప్పాలి. దానికీ లొంగకపోతే టైర్ల షాపులో గాలి గన్‌తో ఒక్క క్షణం పని. కొన్ని బండ్లలో ఇరుసు తీస్తేగానీ ఆ బోల్టు అందదు. వాటికి షాక్ విప్పాక స్ప్రింగ్ తీయకముందు ఈ పని చేయండి.

ఇప్పుడు సెంటర్ స్టాండ్ వేసి ఇంజిన్ కింద చెక్కదిమ్మె పెట్టి ముందుచక్రం లేపండి. సైలెన్సర్ కింద దిమ్మె పెట్టకండి. డిస్క్ బండి అయితే బ్రేకు ప్యాడ్లుండే కాలిపర్‌ను విప్పి తీగతో హ్యాండిల్‌కు వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. ప్యాడ్ల మధ్య చెక్కముక్క పెట్టండి. పిల్లలెవరైనా బ్రేకు లివరు నొక్కితే పిస్టన్లు బయటికి తోసుకొస్తాయి. చక్రం, మడ్‌గార్డు తీసి, కింది క్లాంపు బోల్టు వదిలితే షాక్ తిప్పుతూ కిందికి వస్తుంది.

పై మూతను అరచేత్తో గట్టిగా అదిమిపట్టి తిప్పండి, ముఖం పక్కకు పెట్టుకోండి. కింద స్ప్రింగ్ ఒత్తుకుని ఉంటుంది, చివరి మరకు మూత ఎగిరిపడుతుంది. స్ప్రింగ్‌లో దగ్గరదగ్గరగా ఉన్న చుట్లు ఏ వైపున్నాయో చూసుకున్నాకే బయటికి లాగండి. పాత ఆయిల్ డబ్బాలోకి వంచి, పైపును పదిసార్లు ఆడించి మిగిలింది కూడా తీసేయండి. వదులు చేసిన అలెన్ బోల్టు ఇప్పుడు పూర్తిగా తీయవచ్చు.

డస్ట్ సీలు తీసి, దాని కింద గాడిలో ఉన్న తీగ రింగును (లాక్ రింగును) సన్న కొసతో లేపండి. ఇక్కడ బండ్లు రెండు రకాలు. పైపుకూ బాటమ్‌కూ మధ్య బుష్‌లు (అరుగుదల భరించే పలచటి వలయాలు) ఉన్న పెద్ద బండ్లలో పైపును జోరుగా నాలుగైదుసార్లు బయటికి గుంజితే బుష్ తగిలి సీలు దానంతటదే వస్తుంది. చిన్న బండ్లలో చాలావాటికి ఆ బుష్‌లుండవు. పైపు ఊరికే బయటికి వచ్చేస్తుంది, సీలు బాటమ్‌లోనే ఉండిపోతుంది. బాటమ్ అంచు మీద చెక్కముక్క పెట్టి, దాని ఆనుకోలుతో వెడల్పాటి టైరు లివరుతో సీలును ఒక్కోవైపు కొద్దికొద్దిగా లేపండి. రాకపోతే బాటమ్ బయటివైపు మరిగిన నీళ్లు పోయండి. అల్యూమినియం వ్యాకోచించి పట్టు వదులుతుంది. సీలు గోడ మీద లివరు గీత పడిందా, కొత్త సీలు ఎంత బాగున్నా నూనె ఆ గీత వెంటే బయటికి వస్తుంది.

బాటమ్ అడుగున చిన్న గిన్నెలాంటి అల్యూమినియం ముక్క ఉంటుంది. అది రాడ్డు కొసకు తొడిగేది. పైపు లాగినప్పుడు లోపలే ఉండిపోతుంది, కొందరు చూడకుండా పారబోస్తారు. అది లేకుండా బిగిస్తే గుంతలో పడ్డప్పుడల్లా అడుగున లోహం లోహాన్ని కొడుతుంది.

అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టండి. పైపు పరీక్ష ఇప్పుడే చేయాలి, వివరం తర్వాతి జవాబులో. పైపు బాగుంటే రాడ్డు, గిన్నె ముక్కలతో సహా బాటమ్‌లోకి దింపి, అలెన్ బోల్టుకు కొత్త రాగి వాషరు, మరలకు ఒక చుక్క నీలిరంగు థ్రెడ్ లాక్ (బోల్టు వదులు కాకుండా పట్టే గమ్ము) వేసి బిగించండి. ఇది ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టయితే బిగువు 20 న్యూటన్ మీటర్ల చుట్టూ చాలు. తర్వాత పైపు పై కొసకు పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టండి. పైపు కొస అంచు పదునుకు సీలు అంచు కోసుకోకుండా ఉండటానికే ఇది. సీలు లోపలా బయటా ఫోర్క్ ఆయిల్ రాసి, అక్షరాలు పైకి, సన్న స్ప్రింగ్ ఉన్న వైపు కిందికి ఉండేలా జార్చండి. దాని మీద పాత సీలును బోర్లించి, పైపుకు తొడిగేంత వెడల్పున్న పీవీసీ గొట్టం ముక్కతో నిటారుగా కొట్టండి. పక్కకు ఒరిగితే ఆపి సరిచేయండి. శబ్దం బరువుగా మారి, లాక్ గాడి చుట్టూ పూర్తిగా కనబడితే దిగినట్టు. సగం గాడి కనిపిస్తోందని సగం రింగు పెట్టేవాళ్లున్నారు. మొదటి గుంతకే సీలు పైకి లేస్తుంది.

ఆయిల్‌ను మందుల షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల సిరంజితో కొలిచి పోయండి. స్ప్రింగ్ పెట్టకుండా పైపును నెమ్మదిగా పదిసార్లు ఆడించి లోపలి గాలిని తీసేయండి. పుస్తకంలో ఆయిల్ మట్టం ఇచ్చి ఉంటే, పైపును పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి నూనె వరకు స్కేలుతో కొలవండి. రెండు షాక్‌లకూ ఒకే కొలత ఉండాలి. ‘కాస్త ఎక్కువ పోస్తే గట్టిగా ఉంటుంది’ అనే మాట వినకండి. నూనె పైన ఉన్న గాలి కూడా స్ప్రింగే. ఆ జాగా తగ్గితే పెద్ద గుంతలో పడ్డప్పుడు ఒత్తిడి విపరీతంగా పెరిగి కొత్త సీలునే బయటికి తోస్తుంది. పైపును పూర్తిగా పైకి లాగి స్ప్రింగ్ వేసి మూత పెట్టండి.

డ్రమ్ బ్రేకు బండ్లకు ఒక సంగతి ప్రాణాలకు సంబంధించింది. బ్రేకు ప్లేటు మీద ఉన్న గాడిలోకి షాక్ బాటమ్ మీది మొటిమ కచ్చితంగా దిగాలి. అది దిగకుండా ఇరుసు బిగిస్తే, బ్రేకు వేయగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి చక్రం పట్టేస్తుంది. ఇరుసు నట్టు బిగించాక, పక్కన చిన్న పట్టు బోల్టు ఉన్న బండ్లలో దాన్ని వదులుగానే ఉంచి, బండిని నేలకు దించి, బ్రేకు పట్టి ఐదారుసార్లు నొక్కి, ఆ తర్వాత బిగించండి. రెండు షాక్‌లూ సమాంతరంగా సర్దుకుంటాయి. ముందే బిగిస్తే పైపులు లోపల ఒరుసుకుంటాయి, సీళ్లు ఒకవైపే అరుగుతాయి.

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర. మూడు నెలల్లో రెండుసార్లు సీళ్లు మార్పించాను, కుడివైపు మళ్లీ కారుతోంది. కంపెనీ సీళ్లే వేశారు. లోపం సీలుదా, పనిదా?
— ఒక పాఠకుడు

జవాబు: రెండుసార్లు ఒకేవైపు పోయిందంటే అనుమానం పైపు మీదికే పోవాలి. సీలు మెత్తటి రబ్బరు. దాన్ని కోసేది ఏదో అక్కడే ఉంది. మూడోసారి సీలు కొంటే మూడోసారీ కోస్తుంది.

పైపు మీద గోరును పైనుంచి కిందికి, చుట్టూ నెమ్మదిగా నడపండి. గోరు ఎక్కడ తగులుకుంటే అక్కడ గుర్తు పెట్టండి. గోరుకు అందనివి పాత నైలాన్ గుడ్డకు అందుతాయి, దారం పోగు లేస్తుంది. క్వారీల నుంచి వచ్చే గ్రానైట్ పొడి పైపును అద్దంలాగే ఉంచుతుంది గానీ సన్నటి నిలువు గీతలు పెడుతుంది. నూనెకు నిలువు గీత కాలువలాంటిది. అడ్డగీత కన్నా అదే ఎక్కువ ప్రమాదం.

అన్ని మచ్చలకూ భయపడనక్కర్లేదు. పైపుకు బాటమ్ పైన ఒక ప్లాస్టిక్ టై కట్టి, గుంతల రోడ్డు మీద తిరిగి రండి. టై ఎంత పైకి జరిగిందో అంతవరకే సీలు పరుగు. ఆ పైన, క్లాంపుల దగ్గరున్న మచ్చ వల్ల లీకు రాదు.

తర్వాత వంపు. మీ ఊళ్లో దీనికి లోటు లేదు: పాలిష్ పట్టిన గ్రానైట్ పలక మీద పైపును దొర్లించండి. కింద సందులో వెలుతురు కనిపించి మాయమవుతుంటే వంగింది. మాన్యువళ్లు సాధారణంగా 0.2 మిల్లీమీటర్లకు మించి ఒప్పుకోవు. ఎప్పుడైనా గొడ్డునో గోడనో గుద్ది ఉంటే ఇది తప్పక చూడండి. వంగిన పైపును ప్రెస్సులో తిన్నగా చేసేవాళ్లున్నారు, కొద్దిపాటి వంపుకు పనికొస్తుంది. మడత పడినా, క్రోమ్ చిట్లినా పైపు మార్చాల్సిందే.

ఇవి రెండూ బాగున్నాయంటే సీలు గోడ మీది గీతలు, పైపుకూ బాటమ్‌కూ మధ్య అరుగుదల చూడాలి. పైపును బాటమ్‌లోకి దించి ముందుకీ వెనక్కీ ఆడిస్తే టకటక మంటే, సీలు ఎప్పుడూ ఒకవైపు నలుగుతూ ఉంటుంది. బుష్‌లున్న బండికి బుష్‌లు మార్చితే సరి. లేనివాటికి బాటమే మార్చాలి.

ప్రశ్న: మైపాడు వైపు రొయ్యల చెరువుల దగ్గర పని. పైపుల మీద తుప్పు చుక్కలు వచ్చాయి. ఎమరీ పేపరుతో రుద్దేయమంటున్నారు. రబ్బరు గొట్టాలు తొడిగితే ఆగుతుందా?
— ఒక పాఠకుడు, ఇందుకూరుపేట

జవాబు: రుద్దేయకండి. పైన ఉన్నది పలచటి క్రోమ్ పొర, దాని కింద మామూలు ఇనుము. ఎమరీతో మెరిపించిన చోట క్రోమ్ పోయి, ఉప్పుగాలికి ఇంకా వెడల్పుగా తుప్పెక్కుతుంది. చుక్క చుట్టూ లేచిన గరుకు అంచును మాత్రం 1200 నంబరు వాటర్ పేపరుకు నూనె అద్ది, చుట్టూ తిరిగే దిశలో, అక్కడివరకే తీయండి. గుంతను స్పిరిట్‌తో కడిగి ఆరనిచ్చి, ఆరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల గమ్ము అగ్గిపుల్లతో నింపి, ఒక రోజు గట్టిపడ్డాక 1200, ఆపైన 2000 నంబరు పేపరుతో పైపు మట్టానికి దించండి. గోరుకు తగలకూడదు. చుక్కలు నాలుగైదైతే ఇది కొన్ని నెలలు లాగుతుంది. పైపు నిండా ఉంటే మళ్లీ హార్డ్ క్రోమ్ వేయించడమో కొత్త పైపో. చిన్న బండికి కొత్త పైపే మేలు. మెరిసే అలంకారపు క్రోమ్ వేసేచోట ఇవ్వకండి, అది నెలల్లో పెచ్చులూడుతుంది.

రబ్బరు గొట్టాల సంగతి ఊరిని బట్టి. చీమకుర్తి దుమ్ముకు అవి మంచి రక్ష. మీకు, ఇసుకపల్లి ఉప్పుమడుల దగ్గర తిరిగేవాళ్లకు నా ఓటు వద్దనే. లోపలికి చేరిన ఉప్పుతడి ఆరదు, తుప్పు మీ కంటికి కనబడకుండా పెరుగుతుంది. తొడగాలనే ఉంటే కింది అంచు దగ్గర గాలి రంధ్రం ఉన్నవి తీసుకుని, నెలకోసారి పైకెత్తి తుడవండి. లేదంటే రోజూ ఇంటికొచ్చాక చెంబుడు మంచినీళ్లు పైపుల మీద పోసి, గుడ్డకు ఒక చుక్క ఫోర్క్ ఆయిల్ అద్ది తుడిస్తే చాలు. గ్రీజు రాయకండి, ఇసుకను పట్టిపెడుతుంది. వాటర్ సర్వీసింగ్‌లో ఒత్తిడి నీటిని డస్ట్ సీలు మీద సూటిగా కొట్టనివ్వకండి.

ప్రశ్న: ఫోర్క్ ఆయిల్ బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే చిక్కగా ఉంటుంది కాబట్టి లీకు ఆగుతుందట, నిజమేనా? లీకు ఆపే మందు సీసాలు పనిచేస్తాయా?
— ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: ఆగదు. చిరిగిన అంచులోనుంచి చిక్కటి నూనె కొంచెం నెమ్మదిగా కారుతుంది, అంతే. ఈలోగా డ్యాంపర్ రాడ్డు సన్న రంధ్రాల్లోంచి ఆ నూనె వేగంగా పోలేదు కాబట్టి షాక్ కర్రలా బిగుసుకుని చేతులకు దెబ్బ తగులుతుంది. సీసా మందులు రబ్బరును ఉబ్బేలా చేస్తాయి. ఉబ్బిన రబ్బరు కొన్నాళ్లకు మెత్తబడి చెడుతుంది. ఫిల్మ్ ముక్కతో శుభ్రం చేయడం వీటన్నిటికన్నా నయం, ఖర్చూ లేదు.

ప్రశ్న: నవంబరు తుపాను వానల్లో బండి ముందుచక్రం మునిగేలా ఒకరోజు నీళ్లలో ఉంది. లీకు లేదు. షాక్ విప్పాలా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: షాక్ మొత్తం విప్పనక్కర్లేదు, ఆయిల్ చూడండి. పై మూత తీసి సిరంజికి సన్న గొట్టం తగిలించి కొద్దిగా లాగండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వెంటనే మొత్తం మార్చండి, లేకపోతే లోపలి స్ప్రింగ్, రాడ్డు తుప్పుపడతాయి. అడుగున డ్రెయిన్ స్క్రూ లేని బండికి షాక్ తీసి తలకిందులు చేయాల్సిందే. రంగు మామూలుగా ఉంటే వదిలేయండి.

ప్రశ్న: డ్యూక్ బండికి ముందు షాక్ కారుతోంది. పైన చెప్పినట్టే ఇంట్లో చేయవచ్చా?
— ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: వద్దు. అవి తలకిందులు షాక్‌లు. సన్నని పైపు కింద, లావు గొట్టం పైన ఉంటాయి. మూత విప్పడానికి స్ప్రింగ్‌ను నొక్కిపట్టే పనిముట్టు కావాలి. డస్ట్ సీలును కిందికి జార్చి ఫిల్మ్ ముక్కతో శుభ్రం చేసే పని మాత్రం మీరే చేసి చూడండి. అయితే వీటిలో కారిన నూనె పైపు వెంట నేరుగా బ్రేకు కాలిపర్ మీదికి దిగుతుంది. డిస్క్ తడిసి ఉంటే బండి నడపకండి. డిస్క్‌ను బ్రేకు క్లీనర్‌తో తుడవవచ్చు గానీ నూనె పీల్చుకున్న ప్యాడ్లను కడిగినా కాల్చినా లాభం లేదు, కొత్తవి వేయండి. సీళ్లు మారాకే వేయండి, లేదంటే అవీ తడుస్తాయి.